ముక్కుపుడక కనబడని ఫోటో

"అది నేనేనా?"

హైదరాబాదులో ఒక సమావేశ మందిరం మెట్ల మీద నిలబడి ఆమె నన్నడిగిన మొదటి ప్రశ్న అది. లోపల వేదిక వెనక ఆరడుగుల ఫ్లెక్సీ వేలాడుతోంది. దాని మీద ఆమె ఫోటో. తెల్లవారుజామున వీధి దీపం పసుపు వెలుగులో లేచిన దుమ్ము, ఆ దుమ్ములో చీపురు పట్టుకుని నిలబడిన స్త్రీ, ముక్కూ నోరూ మూస్తూ చుట్టుకున్న చీరకొంగు, దాని పైన రెండు కళ్ళు. ఆ ఫోటో తీసింది నేను.

అది 2014. తెలుగు కథల్లో శ్రామిక స్త్రీల చిత్రణ మీద పిహెచ్.డి. చేస్తున్నాను. రోడ్లు ఊడ్చే స్త్రీల జీవన పరిస్థితుల మీద నివేదిక తయారు చేస్తున్న ఒక స్వచ్ఛంద సంస్థ, వాళ్ళతో మాట్లాడి రాసిపెట్టమని నన్నడిగింది. మూసీ ఒడ్డు బస్తీలకి రెండు నెలలు తిరిగాను. స్నేహితురాలి దగ్గర తీసుకున్న కెమెరా ఒకటి మెడలో ఉండేది. ఆ ఫోటో చూసిన వాళ్ళందరూ మెచ్చుకున్నారు. కళ్ళు మాట్లాడుతున్నాయన్నారు. నివేదిక ముఖచిత్రం అదే అయింది. ఆ కళ్ళు ఏం మాట్లాడుతున్నాయో ఎవరమూ ఆమెను అడగలేదు.

"మీరేనమ్మా, మంచిగా వచ్చింది" అన్నాను.

"ముక్కు మూసుకున్న ఫోటో ఎవలన్న పెట్టుకుంటరా బిడ్డా? మొన్ననే చిట్టీ పైసలొస్తే ముక్కుపుడక కొనుక్కున్న. గదే కనబడకపాయె."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఎవలనడిగి తీసినవ్?"

"మీరు నా వైపు చూశారు కదా, సరేనన్నట్టే అనుకున్నా."

"చూస్తే ఒప్పుకున్నట్టేనా?"

ఈ ప్రశ్న ఆడపిల్లలం ఎన్నిసార్లు అడగాలనుకుని మింగేసి ఉంటామో! బస్సుల్లో, వీధుల్లో, కాలేజీ వరండాల్లో. చూసింది కాబట్టి ఇష్టమే, నవ్వింది కాబట్టి ఒప్పుకున్నట్టే అనే మగ తర్కం మీద నేను సెమినార్లలో పత్రాలు చదివాను. మగవాడి చూపు స్త్రీని బొమ్మగా ఎలా మారుస్తుందో లారా మల్వీ 1975లోనే సినిమాల గురించి రాసిన వ్యాసం మా జూనియర్లకి నేనే పాఠం చెప్పేదాన్ని. అదే తర్కం నా నోటి నుంచి, నాకంటే పాతికేళ్ళు పెద్దదైన ఒక దళిత స్త్రీ ముందు, అంత సులువుగా వచ్చేసింది.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. రాయొద్దని ఆమె చెప్పింది.

* * *

ఫోటో అనేది మా ఇంట్లో ఆడవాళ్ళకి ఎప్పుడు అవసరమయిందో తలచుకుంటే నవ్వొస్తుంది, దుఃఖమూ వస్తుంది. మాది నల్లగొండ జిల్లా. నాన్న బడిపంతులు. మా ఇళ్ళల్లో ఆడపిల్లను ఒక్కదాన్నే స్టూడియోకి తీసుకెళ్ళి ఫోటో దింపించారంటే సంబంధాలు చూస్తున్నారని అర్థం. నిలువెత్తుది ఒకటి, ముఖం దగ్గరగా ఇంకొకటి. మా అమ్మ ఫోటోని స్టూడియో ఆయన రంగు తేల్చి ఇచ్చాడట. పెళ్ళయ్యాక "ఫోటోలో తెల్లగుంది" అన్న మాట మా నానమ్మ నోట ఎన్నేళ్ళు విన్నదో అమ్మకే తెలుసు. ఆ ఫోటోలో ఉన్నది మా అమ్మే, కానీ అది అమ్మ కోసం తీసినది కాదు. అవతలి వాళ్ళు బేరం తేల్చుకోవడానికి తీసినది.

బస్తీలో చూసింది వేరు. అక్కడ చాలా ఇళ్ళల్లో గోడ మీద ఉన్నవి చనిపోయిన వాళ్ళ ఫోటోలే. బతికుండగా తీసుకున్నవి కావు. పాత తెల్ల రేషన్ కార్డు మీద కుటుంబమంతా కలిసి దిగిన చిన్న ఫోటో ఉండేది. మనిషి పోయాక అందులోంచి ముఖం వరకు కత్తిరించి పెద్దది చేయించుకుంటారు. ఆమె భర్త ఫోటో కూడా అలాంటిదే. స్టూడియో అతను ఆయనకి కోటూ టైయ్యీ అతికించాడు. "జన్మల ఎయ్యని కోటు సచ్చినంక ఎయ్యిపిచ్చిండు" అని ఆమే ఒకసారి చెప్పి నవ్వింది. ముఖం మసకమసకగా ఉంది. కళ్ళు కెమెరాని కాదు, బల్ల అవతల కూర్చున్న గుమాస్తాని చూస్తున్నట్టున్నాయి.

ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఆధార్, బస్ పాస్, పింఛను. పేదవాళ్ళ ముఖాలు ఈ దేశంలో తక్కువగా ఫోటోలకెక్కాయని ఎవరూ అనలేరు. కానీ ఆ ఫోటోల్లో చాలా భాగం వాళ్ళు ఫలానా అని ఇంకొకరికి రుజువు చేసుకోవడానికి దిగినవే. తమను తాము చూసుకోవడానికి దిగినవి ఎన్ని?

* * *

ఇది కొత్త సంగతి కాదు. ఈ దేశంలో కెమెరా తొలి రోజుల నుంచీ రెండు దారుల్లో నడిచింది. 1868 నుంచి 1875 దాకా బ్రిటిష్ ప్రభుత్వం "ద పీపుల్ ఆఫ్ ఇండియా" అనే పేరుతో ఎనిమిది సంపుటాలు అచ్చు వేసింది. కులానికో, తెగకో ఒక నమూనా అన్నట్టు మనుషుల ఫోటోలు, పక్కన వాళ్ళ స్వభావం గురించి దొరల తీర్పులు. ఆ సంపుటాలు ఇంకా వస్తూ ఉండగానే 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. పుట్టుకతోనే కొందరిని దొంగలుగా రాసిపెట్టిన చట్టం అది. మన ఎరుకల కుటుంబాలు స్టువర్టుపురం వంటి చోట్ల దాని బరువు మోశాయి. మనిషిని రకంగా చూసే చూపూ, నేరస్థుడిగా చూసే చూపూ పక్కపక్క ఇళ్ళల్లోనే పెరిగాయి.

రెండో దారి మన హైదరాబాదులోనే కనిపిస్తుంది. ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫరుగా పేరు తెచ్చుకున్న రాజా దీన్‌దయాళ్ 1892లో ఇక్కడ జనానా స్టూడియో ఒకటి తెరిచాడు. పరదా పాటించే కులీన స్త్రీల కోసం. లోపల ఫోటోలు తీసేది ఒక ఇంగ్లీషు మహిళ. బయటి కళ్ళు పడకుండా చుట్టూ ఎత్తయిన గోడలు. పరదా ఎంత బంధనమో మనకు తెలుసు. అయినా ఆ స్టూడియో గురించి చదివినప్పుడల్లా ఒక మాట గుచ్చుకుంటుంది. తన ముఖాన్ని ఎవరు చూడాలో, ఎవరు చూడకూడదో అన్న పట్టింపుకి ఆ స్త్రీల విషయంలో గోడలు కట్టారు. అదే నగరంలో వీధులు ఊడ్చిన స్త్రీల ముఖాల చుట్టూ ఎవరూ గోడ కట్టలేదు. వాళ్ళు అందరికీ కనబడేవాళ్ళే, ఎవరూ చూడనివాళ్ళే.

ఆ తేడా ఇప్పుడూ పోలేదు. 2021లో లాక్‌డౌన్ సమయంలో పోలీసులు పాతబస్తీలో తనను ఆపి, మాస్కు తీయమని, తీయనంటే అలాగే ఫోటో తీసుకున్నారని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ తెలంగాణ హైకోర్టుకి వెళ్ళారు. ముఖాన్ని గుర్తుపట్టే యంత్రాల వాడకాన్నే ఆయన ప్రశ్నించారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. బంజారాహిల్స్‌లో కారు అద్దం దించి ముఖం చూపించమని ఎంతమందిని అడుగుతారో నాకు అనుమానమే. బస్తీలో మాత్రం మనిషి ముఖం ఎప్పుడూ సర్కారు సొత్తే. పారిశుద్ధ్య కార్మికులు ఇటీవల పనిలోకి దిగే ముందు ఫోనుకి ముఖం చూపించి హాజరు వేయించుకుంటున్నారు. అంటే కొంగు తీసి చూపించాలి. దుమ్ము మాత్రం కొంగు కట్టుకోమంటుంది.

* * *

మెట్ల మీద ఆమె అడిగిన చివరి మాట ఇది. "ఆ ఫోటో నాకియ్యి. నీ దగ్గర ఉంచుకోకు."

నేనేం చేశానో చెప్పాలి. సంస్థ వాళ్ళకి చెప్పాను. పుస్తకాలు అచ్చయిపోయాయి, మళ్ళీ వేస్తే మారుద్దామన్నారు. నేను గట్టిగా అడగలేదు. నా పేరు లోపలి పేజీలో ఉంది, ఆ ఫోటో కింద కూడా ఉంది. ఆమె పేరే ఎక్కడా లేదు. 'పారిశుద్ధ్య కార్మికురాలు' అని ఉంది. ఒక ప్రింటు తీయించి ఆమెకి ఇచ్చాను. ఆమె తీసుకుంది, ఏమీ అనలేదు. అసలు ఫైలు మాత్రం నా కంప్యూటర్లోనే ఉంచుకున్నాను. 2016లో డాక్టరేటు వచ్చింది. మధ్యతరగతి రచయితలు కూలి స్త్రీ చెమటను ఎలా అందంగా వర్ణించి వదిలేశారో నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయమే ఉంది. వీధి దీపం వెలుగులో నేను చేసింది అదేనని ఆ అధ్యాయం రాస్తున్నప్పుడు తట్టలేదు.

తట్టింది 2017లో, మోనా అహ్మద్ చనిపోయారన్న వార్త చదివినప్పుడు.

మోనా ఢిల్లీ హిజ్రా. తన గురువు, తన సమాజం వెలివేశాక ఒక శ్మశానంలో ఇల్లు కట్టుకుని బతికారు. దయానితా సింగ్ అనే ఫోటోగ్రాఫరు 1989లో లండన్ పత్రిక ఒకదాని పని మీద ఆమె దగ్గరికి వెళ్ళింది. ఫోటోలు తీసుకుంది. అవి లండన్‌లో అచ్చవుతాయని తెలియగానే మోనా కంగారుపడ్డారు. అక్కడ తన బంధువులున్నారు, వాళ్ళు చూస్తారు, రీలు తిరిగి ఇచ్చేయమన్నారు. దయానితా ఇచ్చేసింది. పత్రిక వాళ్ళకి చూపించడానికి ఫోటోలు లేకుండా వెనక్కి వచ్చింది.

ఆ రీలు ఇచ్చేసిన చోటే ఒక స్నేహం మొదలైంది. దత్తత తీసుకున్న కూతురు ఆయేషా పుట్టినరోజు వేడుకలకి మోనా ఫోటోలు తీయమని తానే పిలిచారు. తర్వాత ఆ బిడ్డను వేరేవాళ్ళు తీసుకెళ్ళిపోయారు. ఆ దుఃఖం, తాగుడు, శ్మశానం, పెంచుకున్న జంతువులు అన్నీ ఆ కెమెరా చూసింది. 2001లో "మైసెల్ఫ్ మోనా అహ్మద్" అనే పుస్తకం వచ్చింది. అందులో ఫోటోల పక్కన ఉన్నవి పండితుల వ్యాఖ్యానాలు కావు. పబ్లిషరుకి మోనా పంపిన ఉత్తరాలు. తన కథ తానే చెప్పుకున్నారు, తనకు తోచిన కల్పనలతో సహా.

దయానితా మంచి మనిషి అని చెప్పడానికి ఈ కథ చెప్పడం లేదు. ఆ ఇద్దరి మధ్య కూడా కెమెరా ఒకరి చేతిలోనే ఉంది, పేరు ప్రపంచమంతా తిరిగింది ఒకరిదే ఎక్కువ. కానీ 'వద్దు' అన్నప్పుడు రీలు చేతులు మారింది. నా విషయంలో మారలేదు. గౌరవప్రదమైన ఫోటో ఎలా ఉంటుందని మనం వెలుగు గురించీ, కోణం గురించీ మాట్లాడుకుంటాం. అసలు గౌరవం ఆ రీలు ఇచ్చేయడంలో ఉందని నాకు అప్పుడు అర్థమయింది. ఫోటోలో ఉన్న మనిషికి వద్దనే హక్కు నిజంగా ఉంటేనే, తర్వాత ఆమె చెప్పే 'సరే'కి అర్థం.

* * *

చీపురు పట్టుకున్న స్త్రీ ఫోటోల్లో ప్రపంచమంతా ఎరిగినది ఒకటుంది. 1942లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో గోర్డన్ పార్క్స్ అనే నల్లజాతి ఫోటోగ్రాఫరు తీసినది. ఆయన కొత్తగా ఆ నగరానికి వచ్చాడు, దుకాణాల్లో, హోటల్లో, సినిమా హాల్లో నల్లవాడివని బయటికి పంపేశారు. తను పనిచేసే ప్రభుత్వ కార్యాలయంలోనే రాత్రిళ్ళు గదులు ఊడ్చే ఎల్లా వాట్సన్‌తో మాట్లాడాడు. ఆమె సంవత్సర జీతం 1,080 డాలర్లు. దానితోనే మనవల్ని సాకుతోంది. గోడకి వేలాడే అమెరికా జెండా ముందు, ఒక చేత చీపురుతో, పక్కన తడిబట్ట కర్రతో ఆమెను నిలబెట్టి ఫోటో తీశాడు. గ్రాంట్ వుడ్ 1930లో వేసిన ప్రసిద్ధ చిత్రం పేరే దానికీ పెట్టాడు, అమెరికన్ గోథిక్ అని. ఆ జెండా ఎవరిది అని అడుగుతున్నట్టుంటుంది ఆ ఫోటో.

నేను చాలాకాలం ఆ ఒక్క ఫోటోనే ఎరుగుదును. పార్క్స్ అక్కడితో ఆగలేదని తర్వాత తెలిసింది. వారాల తరబడి ఆమె ఇంటికి వెళ్ళాడు. వంటగదిలో మనవలు, అద్దంలో పెంపుడు కూతురు, దేవుడి బొమ్మలున్న బల్ల, ఆమె వెళ్ళే చర్చి, అక్కడ తెల్ల దుస్తుల్లో ఆమె. చీపురు ఆమె చేతికి వచ్చేది జీతం కోసం. మిగతా సమయమంతా ఆమె అమ్మమ్మ, భక్తురాలు, ఇంటి యజమానురాలు. నేను రెండు నెలలు తిరిగీ ఆమె చేతిలో చీపురే చూశాను. ముక్కుపుడక చూడలేదు.

దక్షిణాఫ్రికాలో జనేలే ముహోలి ఈ పనిని ఇంకో అడుగు ముందుకి తీసుకెళ్ళారు. తెల్లవాళ్ళ ఇంట్లో పనిమనిషిగా బతుకంతా గడిపిన తల్లి బిడ్డ, డర్బన్ పక్కన ఉమ్లాజీలో పుట్టారు. 1996 నాటి ఆ దేశ రాజ్యాంగం స్వలింగ సంబంధాల్లో ఉన్నవాళ్ళకి సమాన హక్కులిచ్చింది. నల్లవాళ్ళ పేటల్లో మాత్రం అలాంటి స్త్రీలను 'సరిచేస్తామం'టూ అత్యాచారాలు, హత్యలు. వాళ్ళ ముఖచిత్రాలను ముహోలి 2006లో మొదలుపెట్టారు. "ఫేసెస్ అండ్ ఫేజెస్" అని పేరు. నలుపు తెలుపు, సూటిగా చూసే కళ్ళు, ప్రతి ఫోటోకీ పేరు, ఊరు, సంవత్సరం. ఫోటో దిగినవాళ్ళని 'పాల్గొన్నవాళ్ళు' అంటారు ముహోలి. మొదటి ఫోటో కవయిత్రి బూసీ సిగాసాది. మరుసటి ఏడే ఆమె చనిపోయింది. ప్రదర్శనల్లో గోడ మీద అక్కడక్కడా ఖాళీలు వదులుతారు, పోయినవాళ్ళకోసం, రావలసినవాళ్ళకోసం. 2012లో ముహోలి ఇంట్లో దొంగలు పడి, ఏళ్ళ తరబడి తీసిన ఫోటోలున్న హార్డ్ డిస్కులు ఎత్తుకెళ్ళారు. ఒక ముఖం పేరుతో సహా గోడ మీద ఉండటం కొందరికి ఎంత భయమో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

సాహిత్యంలో మనకి ఇది కొత్త కాదు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో "నల్లపొద్దు" వచ్చినప్పుడు, దళిత స్త్రీల మీద కరుణతో రాసిన కథలన్నీ ఒక్కసారిగా వెలవెలబోయాయి. ఎవరి ముఖం వాళ్ళు గీసుకున్నాక ఇంకొకరు గీసిన బొమ్మలో వంకర తెలిసిపోతుంది.

* * *

ఒక మిత్రురాలు నాతో తగవుపడింది. "పట్టుచీర కట్టించి కుర్చీలో కూర్చోబెట్టి తీస్తే దుమ్ము పోతుందా? అన్యాయాన్ని అందమైన ఫోటోతో కప్పేస్తారా?" అని. న్యాయమైన ప్రశ్నే. ముంబైలో సుధారక్ ఓల్వే ఏళ్ళ తరబడి పారిశుద్ధ్య కార్మికుల మధ్య తిరిగి తీసిన ఫోటోలు చూస్తే కడుపులో తిప్పుతుంది. తిప్పాలి కూడా. 1993లో ఒకసారి, 2013లో మరోసారి చట్టాలు చేసినా మనుషులు మురుగులోకి దిగి చనిపోతున్న దేశంలో సాక్ష్యం కావాలి. సాక్ష్యానికీ ముఖచిత్రానికీ పని వేరు. ఒకటి సర్కారుని నిలదీయడానికి, ఇంకోటి తనను తాను చూసుకోవడానికి. పార్క్స్ రెండూ చేశాడు. కానీ సాక్ష్యం చెప్పాలా వద్దా అని సాక్షిని అడగాలి కదా. నేను తీసింది రెండిట్లో ఏదీ కాదు. అది నాకు మెప్పు తెచ్చిన ఫోటో, అంతే.

2018లో మళ్ళీ బస్తీకి వెళ్ళాను. ఆమె ముందే ఆ ఫైలు తీసేశాను. ల్యాప్‌టాప్ అంటే ఆమెకి పెద్దగా నమ్మకం లేదు. "నిజంగ పోయిందా? యాడికి పోయింది?" అని రెండుసార్లు అడిగింది. అచ్చయిన పుస్తకాలు ఎవరెవరి అరల్లో ఉన్నాయో, వాటిని నేను వెనక్కి తేలేను. ఆ మాట కూడా చెప్పాను. "పోనీ" అనలేదామె. ఊరుకుంది. నన్ను క్షమించిందని రాసుకుంటే ఈ వ్యాసం చక్కగా ముగుస్తుంది. కానీ ఆమె ఆ మాట అనలేదు.

కాసేపయ్యాక, "ఇప్పుడు తీపిస్తవా?" అంది.

నేను కెమెరా తెచ్చుకోలేదు. తెచ్చినా ఆమె ఒప్పుకునేది కాదు. బస్తీ మలుపులో ఉన్న స్టూడియోకే పోవాలంది. అరగంట నన్ను గడపలో కూర్చోబెట్టింది. తల దువ్వుకుని, కోడలి నెమలికంఠం రంగు చీర కట్టుకుని, పౌడరు రాసుకుని వచ్చింది. స్టూడియోలో వెనక తెర ఏది కావాలో ఆమే ఎంచుకుంది. సరస్సు, రెండు హంసలు, మంచు కొండలు. నాకైతే ఆ తెర తీసేసి ఖాళీ గోడ ముందు కూర్చోబెట్టాలనిపించింది. నా చదువుకి హంసలు నచ్చలేదు. నోరు మూసుకున్నాను. ఆ మధ్యాహ్నం నేను చేసిన మంచి పని బహుశా అదొక్కటే.

ఫోటో తీసే కుర్రాడు "నవ్వమ్మా" అన్నాడు. "నవ్వ. సక్కగ తియ్యి. ముక్కుపుడక కనబడాలె" అంది. మూడుసార్లు తీయించింది. మూడోది ఒప్పుకుంది. డబ్బులు నేనిస్తానంటే సగమే ఇవ్వనిచ్చింది.

ఆ ఫోటో ఇప్పుడు ఆమె ఇంట్లో, కోటు వేసుకున్న భర్త పక్కన ఉంది. బతికున్న మనిషి ఫోటో చనిపోయినవాళ్ళ వరసలో పెట్టకూడదని కోడలు గొణిగిందట. ఈమె వినలేదు. "రేపు నేను పోయినంక రేషన్ కార్డుల ముఖం పెద్దగ చెయ్యకుండ్రి. గిదే ఉంచుండ్రి. దండ మాత్రం ముక్కు మీద పడకుండ ఎయ్యుండ్రి" అని ఇంట్లో వాళ్ళందరికీ చెప్పి పెట్టింది.

ఆ ఫోటో గురించి రాసుకోవచ్చా అని ఈ వ్యాసం కోసం అడిగాను. రాసుకోమంది, చూపించొద్దంది. అందుకే ఈ పేజీలో బొమ్మ లేదు. నా దగ్గరా లేదు.